ఎద్దుల లెక్క

మా గంగవరం పిన్నమ్మకు లెక్కలు రావు. అంటే బళ్ళో నేర్పే లెక్కలు రావని. వందమందికి సంగటి కెలకాలంటే రాగిపిండి ఎంత, నూక ఎంత, చారుకు ఉలవలు ఎన్ని శేర్లు అని అడగండి, కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. ఆవిడ కళ్ళు మూసుకునేది ఆలోచించడానికి కాదుట. ఎదుటివాళ్ళ మొహం చూస్తే మొహమాటం వచ్చి, ఓ శేరు తగ్గించి చెబుతానేమోనని భయంట!

ఆమధ్య వాళ్ళింట్లో పెళ్ళి జరిగింది. వంటల పెత్తనం మా దూరపు బంధువు ఒకాయన నెత్తిన వేసుకున్నారు. ఆయనేం తెలియని మనిషి కాదు. అంతకుముందు మూడు పెళ్ళిళ్ళు జరిపించిన అనుభవశాలి. ఆ మూడూ దివ్యంగా జరిగాయి కూడా. "నాలుగొందల మందేగా, ఇలాంటివి ఎన్ని చూశాను!" అంటూ పై పంచె సర్దుకున్నారు. పిన్నమ్మ మాత్రం, "కాదు నాయనా, ముహూర్తం మంచిది, పలమనేరు నుంచీ పుంగనూరు నుంచీ అనుకోనోళ్ళు గూడా వస్తారు, ఇంకో రెండు మూటలు బియ్యం తెప్పించి పెట్టు" అంది. ఆయన నవ్వి, "నువ్వు కూచోమ్మా, నేనున్నాగా" అన్నారు. రెండో పంక్తి లేచేసరికి గంగాళం అడుగు కనిపించింది. మూడో పంక్తిలో కూర్చున్నది మగపెళ్ళివారు. మిగతాది మీరే ఊహించుకోండి, ఆడవాళ్ళకు నేను వర్ణించి చెప్పాలా?

ఆ రాత్రి అందరూ పడుకున్నాక పిన్నమ్మ అరుగుమీద నా పక్కన చేరి నెమ్మదిగా అంది. "మూడు పెండ్లిండ్లు జేసినాడు గదమ్మణ్ణీ, ఆయప్పకు అదే చేటు దెచ్చింది. నాలుగోది గూడా ఆ మూడు మాదిరే ఉంటాదనుకున్నాడు. మా నాయన చెప్పేవోడు, ఎద్దుల లెక్క చూసుకోకండా బండి గట్టినోడు ఘాట్‌లో దిగి తోసుకోవాల్సిందేనని."

పిన్నమ్మ తండ్రి బెల్లం బండి తోలిన మనిషి. మొగిలి ఘాటు ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్కలేదు. ఆ ఘాటును మీలో చాలామంది చూసే ఉంటారు. చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే దారిలో బంగారుపాళెం దాటాక, మొగిలీశ్వరుడి గుడి ఉన్న ఊరు దాటాక, నేల ఉన్నట్టుండి పైకి లేస్తుంది. మెలికలు తిరిగి తిరిగి పైకి చేరితే గంగవరం, పలమనేరు. గాలి చల్లబడుతుంది. కింద అరవదేశం దాకా పరుచుకున్న మైదానం, పైన మైసూరు మిట్ట. రెండింటికీ మధ్య ఇదొక గడప అనుకోండి.

మర్నాడు బస్సులో ఆ ఘాటు దిగుతుంటే పిన్నమ్మ మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. నేను బి.ఏ.లో చరిత్ర చదివాను. చదివానంటే తేదీలు బట్టీపట్టి, పరీక్ష హాలు మెట్లు దిగుతూనే మరిచిపోయాను. ఇప్పుడు ఆ తేదీలు ఒక్కొక్కటే లేచి వచ్చి, "మేమంతా మీ పిన్నమ్మ ఘాటు చుట్టూనే జరిగాం, నువ్వే చూసుకోలేదు" అన్నట్టనిపించింది. ఇంటికి రాగానే పాత పుస్తకాల దుమ్ము దులిపాను. నిజమే సుమండీ. ఎంతెంతో గొప్పవాళ్ళు ఈ చుట్టుపక్కలే బండి కట్టి, ఎద్దుల లెక్క చూసుకోక, దిగి తోసుకున్నారు. కొందరికి తోసుకునే అదృష్టం కూడా దక్కలేదు.

మొదటివాడు ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్. 1732లో గద్దె ఎక్కాడు. పైన హైదరాబాదులో నిజాం ఉన్నాడన్న సంగతి ఆయన పెద్దగా పట్టించుకోలేదు. కొడుకు సఫ్దర్ అలీ, అల్లుడు చందా సాహెబు దక్షిణాదిమీద కన్నేశారు. అప్పుడు తిరుచిరాపల్లిలో రాణి మీనాక్షి ఉంది. మధుర నాయకుల వంశం, మన తెలుగువాళ్ళే. భర్త విజయరంగ చొక్కనాథుడు పోయాక, పిల్లలు లేని ఆ ఇల్లాలు రాజ్యం నెత్తిన పెట్టుకుని, ఇంట్లోవాళ్ళతోనే పోరాడుతోంది. చందా సాహెబు ఆమెకు అండగా ఉంటానని ఖురాను మీద ప్రమాణం చేశాట్ట. బట్టలో చుట్టిపెట్టింది ఖురాను కాదు, ఒట్టి ఇటుక అని తర్వాత కథ చెప్పుకున్నారు. ఇటుక సంగతి ఎలా ఉన్నా, 1736 నాటికి కోట ఆయన చేతికి పోయింది, రాణి విషం తాగి ప్రాణం తీసుకుందంటారు.

ఒక ఆడదాన్ని మోసం చేసి కోట పట్టడం వీరత్వమా? అది వాపు. కానీ నవాబుగారి ఇంట్లో అందరూ దాన్ని బలుపే అనుకున్నారు. సేనలన్నీ దక్షిణాన మకాం వేశాయి. సరిగ్గా అప్పుడే, 1740లో, రఘోజీ భోంస్లే మరాఠా దండుతో విరుచుకుపడ్డాడు. దోస్త్ అలీ దగ్గర మిగిలినవాళ్ళు పదివేల మంది. వచ్చేది నలభై యాభై వేలని పుకారు. కొడుకు వచ్చేదాకా కోటలో ఆగవచ్చు. ఆగలేదు. దామలచెరువు కనుమకు వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. ఇప్పుడు మనం మామిడికాయలకు పేరు చెప్పుకునే దామలచెరువే. కొండ నా కోట, కనుమ నా వాకిలి, వాకిలి మూస్తే ఎవడొస్తాడు అనుకున్నాడు. ఇంటికి దొడ్డి వాకిలి ఉంటుందని మగవాళ్ళు మర్చిపోయినట్టే ఆయనా మర్చిపోయాడు. మరాఠాలు ఇంకో దారిన కొండ దాటి వెనకనుంచి వచ్చారు. దుమ్ము రేపుకుంటూ వస్తున్న గుర్రాలను చూసి, "అబ్బాయి వచ్చేశాడు" అని నవాబు సంబరపడ్డాడని చెబుతారు. వచ్చింది అబ్బాయి కాదు. మే నెల ఎండలో, ఏనుగుమీద, పోరాడుతూనే నవాబు కూలిపోయాడు. ఆయనతోపాటు ఇంకో కొడుకు కూడా పోయాడు. మరుసటి ఏడే తిరుచిరాపల్లి మరాఠాల పరమైంది. చందా సాహెబు సతారాలో ఖైదీ. రాణి మీనాక్షి ఉసురు ఊరికే పోలేదని మా పిన్నమ్మ అయితే అనేసేది. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కనక అలా అనను. కానీ అనాలని మాత్రం ఉంది.

దోస్త్ అలీ పిరికివాడు కాదని గమనించండి. పిరికివాడైతే బతికేవాడు. ఇక్కడే నాకొక చిక్కు వచ్చింది. ధైర్యానికీ అహంకారానికీ తేడా ఏమిటి? గెలిస్తే ధైర్యమనీ ఓడితే అహంకారమనీ మనం తర్వాత పేరు పెడుతున్నామా? ఈ ప్రశ్నను కాసేపు కొంగున ముడేసుకుని ముందుకు పోదాం.

నలభై ఏళ్ళు గడిచాయి. రాజ్యాలు చేతులు మారాయి. మైసూరు మిట్టమీద హైదర్ అలీ ఉన్నాడు. కుప్పానికి అంత దూరమేం కాని బూదికోటలో పుట్టాడు. చదువు రాదు. జ్ఞాపకశక్తి మాత్రం అపారం. మద్రాసులో కుంఫిణీ దొరలున్నారు. 1769లోనే హైదర్ మద్రాసు పొలిమేరల దాకా గుర్రాలు తోలుకొచ్చి, దొరలచేత సంధి పత్రం రాయించుకున్నాడు. ఎవరైనా దండెత్తితే ఒకరికొకరు సాయం చేసుకోవాలని ఒప్పందం. ఆ తర్వాత మరాఠాలు హైదర్‌మీద పడితే దొరలు చేతులు ముడుచుకు కూర్చున్నారు. 1779లో అతను వద్దన్న మాహే రేవును పట్టుకున్నారు. అదే ఏడు గుంటూరు సీమను బసాలత్ జంగ్ దగ్గర కౌలుకు తీసుకుని, ఆదోని వెళ్ళడానికి కడప మీదుగా పటాలాన్ని నడిపించారు. ఆ కడప అప్పటికే హైదర్ చేతిలో ఉంది. అడగలేదు, చెప్పలేదు. పక్కింటి పెరట్లోంచి బిందెలు మోసుకుపోతూ "దారి ఇటేగా" అన్నట్టు!

హైదర్ యుద్ధానికి సిద్ధమవుతున్నాడని ఆర్కాటు నవాబు మహమ్మదలీ పదేపదే కబురు పంపాడు. మద్రాసు కౌన్సిలు నవ్వేసింది. గవర్నరు రంబోల్డ్ దొర, దక్షిణాదిన అంతా ప్రశాంతమని చెప్పి 1780 ఏప్రిల్లో ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. జూలైలో హైదర్ ఎనభై తొంభై వేల దండుతో చెంగమ కనుమ దిగాడు. మద్రాసు పక్కన పరంగికొండ మీద నిలబడితే తగలబడుతున్న ఊళ్ళ పొగ కనిపించిందిట. అప్పుడు నమ్మారు.

సేనాధిపతి సర్ హెక్టర్ మన్రో. సామాన్యుడు కాడు. 1764లో బక్సార్ యుద్ధం గెలిచి, కుంఫిణీకి బెంగాలు సీమను సుస్థిరం చేసిపెట్టిన మొనగాడు. ఇది మా బంధువుగారి మూడు పెళ్ళిళ్ళ లాంటిది. సేనలన్నీ మద్రాసు దగ్గరే కలవడం మంచిదని మెక్లాడ్ ప్రభువు సలహా ఇచ్చాడు. మన్రోకు నచ్చలేదు. కంచిలో కలుద్దామన్నాడు. గుంటూరు సీమలో ఉన్న కర్నల్ బెయిలీ తన పటాలంతో దక్షిణానికి దిగి వచ్చి కంచిలో తనను కలవాలి. అంటే హైదర్ సేన ముక్కు కింద నుంచి నడిచి రావాలి.

బెయిలీ ఆగస్టు 25న కొర్తలయ్యారు ఒడ్డుకు చేరాడు. మన చిత్తూరు జిల్లా నగరి వైపునుంచి పారే కుశస్థలి నదే అది. ఏరు ఎండి ఉంది, దాటెయ్యవచ్చు. పొద్దున్న దాటుదాంలే అని ఈ ఒడ్డునే విడిది చేశాడు. ఆ రాత్రి వరద వచ్చింది. పది రోజులు ఒడ్డున కూర్చున్నాడు. మనిషి ఒక్క రాత్రి సోమరితనానికి ఏరు ఇంత జరిమానా వేస్తుందని ఎవరనుకుంటారు? ఎలాగో దాటాక, కంచికి పధ్నాలుగు మైళ్ళ దూరంలో టిప్పు అడ్డుకున్నాడు. పధ్నాలుగు మైళ్ళు! మన్రో కదలలేదు. కంచి గుడిలో దాచిన సామగ్రిని వదిలి రాలేక వెయ్యి మందిని మాత్రం పంపాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర తండ్రీకొడుకులు నాలుగు దిక్కులా కమ్ముకున్నారు. మైసూరు తారాజువ్వలు ఆకాశం నిండా ఎగిరాయి. మందుగుండు బళ్ళు పేలిపోయాయి. సుమారు నాలుగువేలమందిలో చచ్చినవాళ్ళు చావగా, మిగిలినవాళ్ళు బెయిలీతో సహా ఖైదీలయ్యారు. బక్సార్ విజేత తన పెద్ద ఫిరంగులను కంచి కోనేట్లో పడేసి మద్రాసుకు పరుగు తీశాడు. బెయిలీ శ్రీరంగపట్నం చెరలోనే 1782లో పోయాడు. ఈ యుద్ధాన్ని టిప్పు తన దరియా దౌలత్ మహలు గోడమీద బొమ్మలుగా వేయించాడు. ఈసారి మైసూరు వెళ్ళినప్పుడు తీరిగ్గా నిలబడి చూడండి. పల్లకీలో వేళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నవాడే బెయిలీ అని అక్కడివాళ్ళు చూపిస్తారు.

తెల్లదొరల పొగరు అణిగిందని మనం చప్పట్లు కొట్టే లోపలే చరిత్ర రెండో పేజీ తిప్పుతుంది. పొల్లిలూరు గెలిచిన హైదర్ వెంటనే మద్రాసుమీద పడి ఉంటే ఏమయ్యేదో! ఆయన ఆర్కాటు ముట్టడిలో కూర్చున్నాడు. ఫ్రెంచివారి ఓడలు వస్తున్నాయి, సముద్రం సంగతి వాళ్ళు చూసుకుంటారు అన్న ధీమా. ఓడలు 1781 మొదట్లో వచ్చాయి, కాస్సేపు కనిపించాయి, తిరిగి వెళ్ళిపోయాయి. కడలూరులో తిండికి కటకటలాడుతున్న ఇంగ్లీషు సేనకు ఊపిరి వచ్చింది. జూలై 1న పోర్టోనోవో దగ్గర, ముసలివాడు, రోగిష్టి అయిన అయిర్ కూట్ ఎనిమిదివేల చిల్లర మందితో, దానికి ఎన్నోరెట్లున్న హైదర్ సేనను ఓడించాడు. ఆగస్టులో మళ్ళీ పొల్లిలూరులోనే యుద్ధం. కిందటేడు గెలిచిన చోటు కదా, అచ్చివచ్చిన నేల అని హైదర్ అక్కడే కాచుకున్నాడంటారు. ఇదీ ఆ పెళ్ళిళ్ళ తర్కమే. నేల అచ్చిరావడమేమిటి? కిందటేడు వచ్చినవాడు బెయిలీ, ఈ ఏడు వచ్చినవాడు కూట్. సెప్టెంబరు 27న షోళింగర్ దగ్గర, అదే మన పెద్దవాళ్ళు యోగనరసింహుడి దర్శనానికి వెళ్ళే ఘటికాచలం దగ్గర, ఇంకా దారుణం. దొరలు ఇవాళ కదలరులే అని జనాన్నీ పశువులనూ మేతకు దూరాలకు వదిలేశారు. అదే రోజు కూట్ మీద పడ్డాడు. ఫిరంగి ఉంది, లాగే ఎద్దు లేదు. పిన్నమ్మా, వింటున్నావా?

కానీ హైదర్‌లో ఒక గొప్పతనముంది. తన తప్పు తను చూసుకోగలిగాడు. నేలమీద వీళ్ళను ఎన్నిసార్లయినా ఓడించగలను గానీ, వీళ్ళను మోసుకొచ్చే సముద్రాన్ని ఎండబెట్టలేను కదా, ఎందుకొచ్చిన యుద్ధంలో దిగాను అని, మంత్రి పూర్ణయ్యతో వాపోయాడని మార్క్ విల్క్స్ అనే దొర తన మైసూరు చరిత్రలో రాశాడు. వీపుమీద రాచపుండు లేచింది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో, డేరాలో, ప్రాణం విడిచాడు. టిప్పు అప్పుడు మలబారులో ఉన్నాడు. రాజు పోయాడని తెలిస్తే సేన చెదిరిపోతుంది. పూర్ణయ్య, కృష్ణారావు కలిసి సంగతి దాచి, శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టుగా కోలారు పంపించారు. చిత్తూరు నుంచి కోలారుకు తిన్నని దారి ఏదంటే మన మొగిలి ఘాటే. కాబట్టి ఆ పెట్టె ఈ గంగవరం మిట్ట మీదుగానే వెళ్ళి ఉంటుందని నా ఊహ. దారి పక్క పొలంలో ఎవరో ఇల్లాలు ఉలవలు దులుపుతూ తలెత్తి, "సర్కారు సొమ్ము పోతున్నట్టుందే" అనుకుని, మళ్ళీ చేటలో తల వంచుకుని ఉంటుంది.

అదే 1781లో ప్రపంచానికి ఆవలి కొసన ఇంకో పెద్దమనిషి సముద్రాన్ని నమ్ముకుని చెడ్డాడు. అమెరికాలో యార్క్‌టౌన్ అనే రేవులో కార్న్‌వాలిస్ ప్రభువు. సముద్రం మాది, ఓడలు మావి, ఎప్పుడైనా వస్తాయి అని దిలాసాగా కూర్చున్నాడు. ఫ్రెంచి నౌకలు దారి కట్టేశాయి. అక్టోబరు 19న లొంగిపోయాడు. అవమానంతో ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు. ఆయన్నే ఇంగ్లండువాళ్ళు 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి పంపారు. ఒకసారి చెయ్యి కాలినవాడు గరిట పట్టేముందు కొంగు చుట్టుకుంటాడు కదా.

టిప్పుకు అప్పటికి చెయ్యి కాలలేదు. 1789 డిసెంబరులో తిరువాన్కూరు రాజు కట్టిన గోడమీద పడ్డాడు. ఒక్క పొద్దులో ముగుస్తుందనుకున్నది తలకిందులైంది. పల్లకీ, ముద్రలు, కత్తి శత్రువుల చేతిలో వదిలి ప్రాణాలతో బయటపడాల్సి వచ్చింది. తర్వాత మళ్ళీ వెళ్ళి ఆ గోడ పడగొట్టాడనుకోండి. కానీ దానితో ఇంగ్లీషువారికీ నిజాముకూ మరాఠాలకూ ఒక్కటయ్యేందుకు సాకు దొరికింది. ముగ్గురూ ఒకరినొకరు నమ్మనివాళ్ళే. వాళ్ళు ఏకం కాలేరన్నదే టిప్పు ధీమా.

1791 ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ వేలూరు చేరాడు. అక్కడనుంచి మైసూరుకు ఆంబూరు మీదుగా దగ్గర దారి. కొన్ని పటాలాలను అటే నడిపించి హడావుడి చేశాడు. ఫ్రెంచివారి సాయం కోసం పుదుచ్చేరి దగ్గర మంతనాలాడుతున్న టిప్పు ఆ కబురు విని, ఆ కనుమలు కాయడానికి పరుగెత్తాడు. కార్న్‌వాలిస్ చప్పుడు చేయకుండా ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా, మొగిలి ఘాటు ఎక్కేశాడు. ఫిరంగులు, ఏనుగులు, వేలకొద్దీ ఎద్దులు, బియ్యం మూటలు, అన్నీ నాలుగైదు రోజుల్లో పలమనేరు మిట్టకు చేరాయి. ఒక్క తుపాకీ పేలలేదు. దోస్త్ అలీకి దామలచెరువులో జరిగిందే, యాభై ఏళ్ళ తర్వాత, ఆ చుట్టుపక్కలే ఉన్న మొగిలిలో టిప్పుకు జరిగింది. వీధి వాకిట్లో కాపలా, దొడ్డి వాకిలి తెరిచి ఉంది. మార్చి 5కు కార్న్‌వాలిస్ బెంగుళూరు ముందున్నాడు. 21 రాత్రి కోట పడిపోయింది.

చూశారా, పాఠం నేర్చుకున్నవాడు గెలిచాడు అని నేనిక్కడ ముగించేస్తే మీకూ హాయి, నాకూ హాయి. కానీ చరిత్ర పంతులమ్మ అంత సులువుగా వదిలిపెట్టదు. బెంగుళూరు గెలిచిన కార్న్‌వాలిస్‌కు కూడా తలకెక్కింది. వానలు ముంచుకొస్తున్నా, మేత దొరక్కపోయినా, ఈ ఊపులోనే శ్రీరంగపట్నం పట్టేద్దామని బయల్దేరాడు. మే 15న అరకెరె దగ్గర యుద్ధం గెలిచాడు కూడా. గెలిచి ఏం లాభం? ఎద్దులు వేలకు వేలు చచ్చిపోయాయి. సిపాయిలే ఫిరంగులు లాగారు. ఆఖరికి కోట గోడలు కనుచూపు మేరలో ఉండగా, పెద్ద ఫిరంగులన్నిటినీ తన చేతులతోనే పగలగొట్టించి వెనక్కి తిరిగాడు. ఎద్దుల లెక్క చూసుకోకండా బండి కట్టినవాడు! ఆయన తిరిగిన ఒకటి రెండు రోజులకే మరాఠా సేన తిండి గింజలతో ఎదురైంది. వాళ్ళు అంత దగ్గరికి వచ్చారన్న సంగతే ఆయనకు తెలియదు. టిప్పు రౌతులు కబుర్లన్నీ మధ్యలోనే కాజేశారు.

అప్పుడు కార్న్‌వాలిస్ చేసిన పని నాకు భలే నచ్చింది. యుద్ధం ఆపి సంసారం మొదలుపెట్టాడు. కెప్టెన్ రీడ్ అనే అధికారి చేత లంబాడీలను కుదిర్చాడు. లంబాడీలంటే మనవాళ్ళే కదా, ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశాలు తిరిగేవాళ్ళు. ఏ యుద్ధంలోనూ వాళ్ళ పేరు కనపడదు. దండు బాటల్లో కత్తి పట్టకుండా నడిచేది వాళ్ళే. వాళ్ళ ఎద్దుల మీద బియ్యం కదిలాక సేన కదిలింది. 1792లో టిప్పు సగం రాజ్యం, మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు ఒప్పుకుని, ఇద్దరు చిన్నపిల్లలను తాకట్టుగా శత్రువు డేరాకు పంపాల్సి వచ్చింది. పెద్దవాడికి పదేళ్ళుంటాయేమో. ఆ తల్లుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో వెతికి వెతికి విసిగిపోయాను.

ఇక కొంగుముడి విప్పుదాం. ధైర్యానికీ అహంకారానికీ తేడా గెలుపు ఓటముల్లో లేదనిపిస్తోంది. ధైర్యవంతుడు ఎదుటివాడి బలం లెక్కవేసి, సరే చూద్దాం అని దిగుతాడు. అహంకారి అసలు లెక్కే వెయ్యడు. వేసినవాడు చెబితే నవ్వుతాడు. నవాబు కబురంపితే మద్రాసు కౌన్సిలు నవ్వినట్టు, రెండు మూటలు తెప్పించమంటే మా బంధువుగారు నవ్వినట్టు. ఇంకో సంగతి. ఈ గర్వం చేతకానివాళ్ళకు రాదు. ఉత్తరకుమారుడి ప్రగల్భాలతో యుద్ధాలు ఓడిపోవు, కౌరవసేనను చూడగానే ఆయన పారిపోతాడు కనక నష్టం లేదు. ప్రమాదమంతా నిజంగా చేతనైనవాళ్ళతోనే. మన్రోకు బక్సార్, హైదర్‌కు పొల్లిలూరు, కార్న్‌వాలిస్‌కు బెంగుళూరు. 1565లో విజయనగరం అళియ రామరాయలకూ అంతే. ఇరవై ఏళ్ళపాటు సుల్తానులను ఒకరిమీద ఒకరిని ఎగదోసి గెలిచిన ఘటికుడు. వాళ్ళంతా ఏకమవుతారని ఊహించలేకపోయాడు. నిన్నటి గెలుపు రేపటికి మత్తుమందు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సామెత చెప్పారు గానీ, చాలాసార్లు ఆ తల తన్నేవాడు మన కిందటి గెలుపే.

పోనీ, వీళ్ళ గర్వం వీళ్ళనే కాల్చితే మనకేం? అలా జరగదు. రంబోల్డ్ దొర ఇంగ్లండులో హాయిగా బతికాడు. మన్రో స్కాట్లండు పోయి తన ఎస్టేటులో పెద్ద వయసులో పోయాడు. హైదర్ గుర్రాలు తొక్కిన ఊళ్ళు, తెగిన చెరువులు, తగలబడ్డ వాములు ఎవరివి? 1782లో మద్రాసు వీధుల్లో కరువుతో రాలిపోయినవాళ్ళు ఎవరు? చందా సాహెబు ఇటుకకూ రంబోల్డ్ ధీమాకూ పరిహారం చెల్లించింది ఆ రోజు దంపుళ్ళకు వడ్లు లేక రోలు బోర్లించుకున్న ఆడవాళ్ళు. పెళ్ళిలో అన్నం తక్కువైతే పెద్దమనిషి మేడెక్కి పడుకున్నారు. పొయ్యి ముందు మళ్ళీ కూర్చుంది పిన్నమ్మ.

అన్నట్టు, ఆ రాత్రి సంగతి సగమే చెప్పాను. మూడో పంక్తి మగపెళ్ళివాళ్ళు పస్తులు లేవలేదు. గంగాళం అడుగు కనిపించిన పావుగంటలో ఇంకో గంగాళం పొగలు కక్కుతూ పందిట్లోకి వచ్చింది. అందరం ఆశ్చర్యపోయాం. ఎవరికీ చెప్పకుండా పిన్నమ్మ రెండు మూటలు బియ్యం ముందే తెప్పించి, దొడ్లో గడ్డివాము పక్కన పొయ్యి రాజేయించిందిట.

"మరి ఆయనతో ఎందుకు చెప్పలేదు పిన్నమ్మా?" అన్నాను.

"చెప్పినాను గదమ్మే, ఇనలా. ఇనకపోతే ఇనకపోనీ, జనం ఆకలి ఊరుకుంటాదా?" అంది పిన్నమ్మ, తమలపాకు ఈనె తీస్తూ.

ఇప్పుడు మొగిలి ఘాటు రోడ్డు వెడల్పయింది. టమాటా లారీలు బారులు తీరి దిగుతుంటాయి. నేను మాత్రం ఆ మలుపుల దగ్గర కాస్త తల కిటికీలోంచి బయట పెడతాను, నవాబుల ఏనుగుల కోసం కాదు, దొరల గుర్రాల కోసం కాదు. వాటి వెనకాల ఎక్కడో దుమ్ములో, పేరు లేని ఎవరో ఎద్దులను లెక్కపెట్టుకుంటూ నడుస్తూ ఉంటారు. వాళ్ళు కనిపిస్తారేమోనని.